ట్రాలీ నిండా బెండ్లు

డిచ్‌పల్లి రామాలయం గుట్ట ఎక్కి నిలబడితే నాలుగు దిక్కులా పొలాలు కనిపిస్తాయి. గుడి గోడల మీది శిల్పాలు చూడ్డానికి వచ్చేవాళ్లు ఈ చోటిని ఇందూరు ఖజురహో అని మెచ్చుకుంటారు. నేను చిన్నప్పటి నుంచీ గోడల కంటే గుట్ట కింది నేలనే ఎక్కువ చూశాను. ఏ చెరువు కింద నాట్లు ముందు పడతాయి, ఏ మడి ముందు పండుబారుతుంది అన్నది ఆ మెట్ల మీద కూర్చునే తెలుసుకున్నాను. ఈమధ్య కొన్నేళ్లుగా ఆ రంగుల్లోకి ఒక నలుపు వచ్చి చేరింది. కోతలైన పది పదిహేను రోజులకు అక్కడొకటి ఇక్కడొకటి కాలిన మడులు, కంబళి ముక్కలు ఆరేసినట్టు. వాటి మీద పొగ. గాలి లేని సాయంత్రం ఆ పొగ పైకి పోదు. హైవే మీద పోయే లారీల ఎత్తున అడ్డంగా పరుచుకుని ఆగిపోతుంది.

మా ఇంట్లో గడ్డి కాల్చడం అనే మాటకు చోటు లేదు. మా నాయన కల్లం నుంచి గడ్డిబండి తోలుకొస్తుంటే నన్ను వెనక నడవమనేవాడు, దారిలో జారిన పరకలు ఏరుకుంటూ రమ్మని. ఏడాది పొడుగునా ఎడ్లకూ బర్రెలకూ అదే మేత. అందులోనే మామిడికాయలు మాగేవి. ఊక మట్టిగోడలోకి పోయేది, తవుడు కుడితిలోకి పోయేది. మక్కలు ఒలిచాక మిగిలిన బెండ్లు నీళ్ల కాగు కిందికి, కాగు కింది బూడిద గిన్నెలు తోమడానికీ బీరపాదు మీద చల్లడానికీ. ఇల్లు ఊడ్చిన చెత్త కూడా పెంటకుప్ప మీదికే చేరేది. ఎండాకాలంలో ఆ పెంట మళ్లీ పొలానికే తోలేవాళ్లం. వ్యవసాయ వ్యర్థాలు అన్న మాట నేను మొదటిసారి రేడియోలో విన్నాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఆ మాట దేని గురించో వెంటనే అర్థం కాలేదు, మా పొలంలో అలాంటి పదార్థం ఏదీ నాకు తెలియదు.

ఆ తర్వాత ఎడ్లు పోయాయి, ట్రాక్టర్లు వచ్చాయి. కొడవళ్లు పోయి కోతమిషిన్లు వచ్చాయి. మిషిన్ కంకిని పట్టుకుని గడ్డిని వెనక్కి చిమ్ముకుంటూ పోతుంది, కింద మోకాలెత్తు కొయ్యలు నిలబడే ఉంటాయి. తినే నోరు లేదు, మోసే బండి లేదు, ఆరబెట్టి వాము వేసే తీరిక లేదు. మా పక్క మడి ఆసామి ఒకసారి గట్టుమీద అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడి నాతో అన్నమాట ఇది: "గడ్డి ఎవలకియ్యాలె అన్నా? ఊరంత కలిపి ఇరవై బర్రెలు లెవ్వు. దున్నేద్దామంటే ట్రాక్టర్‌కు పైసలు, నీళ్లు పెట్టి మురగబెడ్దామంటే దినాలు లెవ్వు. అవతల నారు ముదురుతున్నది." అతన్ని తప్పుబట్టడానికి నాకు నోరు రాలేదు. టన్ను వరిగడ్డిలో అయిదున్నర కిలోల నత్రజని, రెండు కిలోల పైన భాస్వరం, పాతిక కిలోల పొటాష్ ఉంటాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ లెక్క అతనికీ తెలుసు. కాల్చిన వారానికి ఎరువుల దుకాణం ముందు వరసలో నిలబడేది అతనే. అతని దగ్గర లేనివి దినాలు.

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇక్కడి తెలంగాణ యూనివర్సిటీలోనే ఎంబీఏ చదివాడు, రెండేళ్లు ఏదో ఉద్యోగం చేశాడు. పండగ పూట భోజనం కాగానే ప్లాస్టిక్ కవరులోంచి నల్లటి ముద్దలు నాలుగు తీసి అరుగు మీద పెట్టాడు. మక్కబెండ్లను మూతపెట్టిన డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును పొడి చేసి, గంజితో కలిపి అచ్చు వేశాడట. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బరువు లేదు. వేలికి మసి అంటింది. గిల్లితే రాలలేదు.

"మామా, ఇది హోటళ్లకు అమ్మొచ్చు. ముడి సరుకు పుక్కానికి దొరుకుతది. మన దగ్గర బెండ్లకు కరువా?" అన్నాడు. కళ్లలో మెరుపు చూసి ముచ్చటేసింది. ఊరు విడిచి పోయినవాడు ఊరి చెత్తను చూసి తిరిగొచ్చాడంటే అది చిన్న సంగతి కాదు. కానీ ఆ పుక్కానికి అన్న మాట దగ్గర నా మనసు ఆగింది. పండగ సెలవులు కాగానే వాణ్ని వెంటేసుకుని కొన్ని చోట్లు తిప్పాను. సలహా చెప్పడానికి నాకు వ్యాపారం తెలియదు. చూపించడానికి ఊరు తెలుసు.

మొదట ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు పోయాం. మిల్లు వెనక ఊక కొండలా పోసి ఉంది, దాని మీద కొంగలు వాలి ఉన్నాయి. వడ్లలో అయిదో వంతు ఊకే. వంద కిలోలు మరపడితే ఇరవై కిలోలు. అదే ఊకను బాయిలర్ కింద కాల్చి, ఆ ఆవిరితో కొత్త వడ్లు ఉడకబెడతారు. కాలిన ఊకలో మళ్లీ అయిదో వంతు బూడిద మిగులుతుంది. సరిగ్గా కాలితే ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికాయే. సిమెంటులో కలపడానికి, ఇటుకల తయారీకి అది పనికొస్తుంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు తొందరగా చల్లారకుండా పైన దుప్పటిలా కప్పేది కూడా ఈ బూడిదనే. మా గోడలో తొక్కిన ఊక ఎక్కడ, కరిగిన ఉక్కు మీది కప్పు ఎక్కడ! ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు మా నాయనకు చెప్పాలనిపించింది. అప్పటికే ఆయన లేడు.

మా చిన్నతనంలో మిల్లువాళ్లు ఊకను ఎవరైనా తీసుకుపోతే చాలనుకునేవారు. మా వాడకు దగ్గరలో ఒక మిల్లు ఉండేది, దాని నల్లబూడిద ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీదా అన్నం గిన్నెల మీదా పడేది. మా అమ్మ కిటికీకి తడిగుడ్డ కట్టేది. ఇప్పుడు అదే ఊక వేబ్రిడ్జి మీదికి ఎక్కుతుంది, దానికి ఆరోజు రేటు ఉంటుంది. కోళ్లఫారాలవాళ్లు నేలమీద పరచడానికి కొంటారు, ఇటుకబట్టీలవాళ్లు కొంటారు, ఫ్యాక్టరీల బాయిలర్లకు కొంటారు. మిల్లు గుమాస్తా ధర చెప్పగానే మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో రాసుకుని, ఇంత ఉంటదా అన్నాడు.

ఉంటుంది. ఆ ధర వెనక ఒక కథ కూడా ఉంది. 2000 సంవత్సరానికి అటూ ఇటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, పత్తికట్టె, తుమ్మకంప కాల్చి కరెంటు తీసే చిన్న ప్లాంట్లు వరసగా వచ్చాయి. ఆలోచన మంచిదే. బొగ్గు తవ్వనక్కర్లేదు, పల్లెల్లో పనులు దొరుకుతాయి, పారేసేదానికి విలువ వస్తుంది. ప్లాంటు అమ్మే కరెంటుకు యూనిట్ ఇంత అని విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసింది. ఊకకు ఇంత అని ఖరారు చేసేవాళ్లు ఎవరూ లేరు. ప్లాంట్లు కొనడం మొదలుపెట్టగానే ఊక సరుకైంది, సరుకు కాగానే అందరూ దానికోసం వచ్చారు. అమ్మే ధర తాడుకు కట్టేసినట్టు ఒకచోటే ఉండిపోయి, కొనే ధర చెరువుగట్టు దాటిన నీళ్లలా పోతే ఏ వ్యాపారం నిలబడుతుంది? చాలా ప్లాంట్లు మూతపడ్డాయి. వాటిలో పెట్టుబడి పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, యంత్రాలూ చెడ్డవి కావు. పుక్కానికి దొరుకుతుంది అన్న ఒక్క మాట మీద లెక్కంతా నిలబెట్టడమే పొరపాటు. వ్యర్థంతో వ్యాపారం పెట్టినవాడు గెలిచే కొద్దీ తన ముడి సరుకు ఖరీదు తానే పెంచుకుంటాడు. ఇది మా వాడికి అరుగు మీద చెబితే తలకెక్కేది కాదు. ఊక కొండ పక్కన నిలబడి చెబితే కాసేపు మాట్లాడకుండా ఉన్నాడు.

తవుడు సంగతి ఇంకా నిదానంగా ఆలోచించాల్సింది. తవుడులో నూనె ఉంటుంది. మరపట్టిన గంటల్లోనే అది చెడడం మొదలవుతుంది, అందుకే నూనె మిల్లులు తాజా తవుడు కోసం లారీలు పరిగెత్తిస్తాయి. వంటింట్లో వాడే రైస్‌బ్రాన్ ఆయిల్ అలా వచ్చిందే. నూనె పిండగా మిగిలిన తవుడు మళ్లీ పశువుల దాణాలోకే వస్తుంది, కాకపోతే సంచిలో, అచ్చువేసిన ధరతో. మా అమ్మ చేటతో కుడితిలో కలిపినదాన్ని ఇప్పుడు పాడిరైతు దుకాణంలో కొనుక్కుంటున్నాడు. ఇందులో లాభం లేదనను, మంచి నూనె వచ్చింది, మిల్లులు బతికాయి. కానీ ఏ చెత్తనైనా ముట్టుకునే ముందు నాకు అడగాలనిపించే ప్రశ్న ఒకటే. ఇప్పటిదాకా ఇది ఎవరి వాటా? బర్రెదా, మట్టిదా, పొయ్యి వెలిగించుకునే పేదింటి ఆడమనిషిదా? ఎవరి వాటా కాకుండా పోయి మంటలో పడుతున్నదైతే ధైర్యంగా ఎత్తుకోవచ్చు. ఎవరి వాటానో తీసుకుంటున్నప్పుడు వాళ్లకు ఏం తిరిగిస్తున్నామో ముందే చెప్పాలి.

ఎవరి వాటా వాళ్లకు చేర్చే కార్ఖానా మా నిజామాబాద్ జిల్లాకు కొత్తదేం కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. చెరుకు కొసలు పశువులకు, పిప్పి ఫ్యాక్టరీ బాయిలర్లకు, మడ్డి పొలాలకు, మొలాసిస్ సారాయి బట్టీకి. ఒక గడలో పారేసే కణుపు లేదు. పర్యావరణం అన్న మాట ఎవరి నోటా లేని రోజుల్లో ఆ లెక్క అంత శుభ్రంగా ఉండేది, ఎందుకంటే అక్కడ పిప్పి కోసం ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. చెరుకే బండ్లెక్కి ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేది, పిప్పి దానంతటదే లోపల కుప్పపడేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. దానికి కారణాలు వేరు, అందులో పిప్పి తప్పేమీ లేదు. చెరుకు పోయిన చోట్ల చాలా వరకు వరి వచ్చింది, వరితో పాటు మిషిన్ కోత వచ్చింది, ఇప్పుడు నేను గుట్టమీంచి చూసే నల్లమడుల్లో ఒకప్పటి చెరుకు చేలు కూడా ఉంటాయనుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఫిబ్రవరిలో వాణ్ని జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూర్ వైపు తీసుకుపోయాను. అప్పుడు పసుపు తవ్వకాలు. ఆ రోజుల్లో ఆ దారిన బస్సులో పోయినా వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది, ఉడికే పసుపు వాసన, మట్టి, ఆకు, ఏదో మందు కలిసినట్టు. మాకు తెలిసిన రైతు చేను దగ్గర ఆగాం. బాయిలర్‌కు కట్టిన డ్రమ్ములోంచి ఆవిరి బుస్సుమంటోంది. ఒక పెద్దమనిషి మూత తీయించి, ఒక కొమ్ము బయటికి లాగి, చీపురుపుల్ల కంటే కొంచెం లావు పుల్లతో గుచ్చి చూశాడు. పుల్ల ఆగకుండా దిగింది. చాలు అన్నట్టు చెయ్యెత్తాడు. డ్రమ్ము వంచగానే కొమ్ములు పొగలు కక్కుతూ టార్పాలిన్ మీద పడ్డాయి. పది పదిహేను రోజులు ఎండాక వాటిని విరిస్తే టప్పున లోహం మోగినట్టు మోగాలి. ఆ తర్వాత పాలిష్ డ్రమ్ములో తిప్పితే పైపొట్టు, వేర్ల పీచు రాలి పసుపు ధూళై మనుషుల కనుబొమల మీద కూడా కూర్చుంటుంది.

నేను వాడికి చూపించాలనుకున్నది ఆకు. తవ్వకానికి ముందు పసుపు ఆకు కోసి చేల మధ్యే వదిలేస్తారు. మోచేతి కంటే పొడుగు, అరచేయంత వెడల్పు. ఎండినదాన్ని నలిపి వాసన చూడమన్నాను. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఈ ఆకును ఆవిరి పట్టి బట్టీ పెడితే సువాసన నూనె వస్తుంది. కొంకణ తీరంలో వినాయక చవితి రోజుల్లో పచ్చి పసుపాకులో బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి మడిచి ఆవిరి మీద ఉడికించి పతోళీలు చేసుకుంటారు. అక్కడ ఆకు కోసమే పెరట్లో పసుపు పెంచుకునే ఇళ్లున్నాయి. మా దగ్గర పాతరోజుల్లో కడాయిలో పసుపు ఉడకబెట్టేటప్పుడు ఆవిరి పోకుండా పైన ఆ ఆకే కప్పేవాళ్లు. ఇప్పుడు డ్రమ్ముకు ఇనుప మూత ఉంది, ఆకుకు ఆ పని కూడా లేదు.

"ఇంత వాసనున్న ఆకు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు మామా?" అన్నాడు. రైతే జవాబిచ్చాడు. "కొమ్ముకే దిక్కులేదు బిడ్డా, ఆకునెవలు జూస్తరు?" అందులో అతిశయోక్తి లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి నిలబడిన 185 మందిలో 178 మంది రైతులే. పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని, పసుపు బోర్డు కావాలని అడగడానికి వాళ్లకు ఆ దారి తోచింది. 2025 జనవరిలో సంక్రాంతినాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. కొమ్ము గురించి బోర్డు చాలా చేయాలి, చేస్తుందని ఆశ. నాకైతే ఏదో ఒక రోజు ఆ ఆఫీసులో ఒక బల్ల మీద ఆకు గురించి కూడా ఒక ఫైలు ఉండాలని కోరిక.

తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా మా ఇద్దరి మధ్య ఒకటే చర్చ. పొలంలో మిగిలేది రెండు రకాలు. ఒకటి దానంతటదే ఒకచోట కుప్పపడుతుంది, మిల్లు దగ్గర ఊక, ఒలిచే మిషిన్ దగ్గర బెండ్లు, పాలిష్ డ్రమ్ము కింద పసుపు ధూళి. రెండోది నేల మీద పరుచుకుని ఉంటుంది, గడ్డి, కొయ్యలు, పసుపాకు, పత్తికట్టె. మొదటిదానికి సగం వ్యాపారం ఎవరో చేసిపెట్టినట్టే. రెండోదాన్ని ఏరాలి, చుట్టాలి, మోయాలి, అదీ ఏడాదికి రెండు మూడు వారాల్లో. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. ఆ పరిజ్ఞానం హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలది. వాళ్ల ప్రతిభకు నమస్కారం పెడుతూనే ఒక మాట గమనించాలి. అక్కడ ముడి సరుకు ప్రతిరోజూ, పన్నెండు నెలలూ, ఆ గేట్లోకే వస్తుంది. అలాగే గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ బడిలో చదివేటప్పుడు ఒక అమ్మాయి నర్సరీల్లో మొక్కలకు నల్లప్లాస్టిక్ కవర్లు ఎందుకని ఆలోచించి, పల్లికాయల పొట్టుతో కుండీలు చేసింది. మొక్కతో పాటు ఆ కుండీనీ నేలలో పాతేయొచ్చు, అది మట్టిలో కలిసిపోతుంది. నమూనా యంత్రాలు తయారుచేసే టీ-వర్క్స్ సంస్థవాళ్లు ఆ కుండీలు చేసే యంత్రం తయారీకి చేయి కలిపారు. ఆ పాప పల్లిపొట్టును ఎంచుకోవడంలో నాకు గొప్ప తెలివి కనబడుతుంది. పొట్టు మిల్లు దగ్గరే ఉంటుంది, పైగా అది చివరికి మట్టికే చేరుతుంది.

పరుచుకుని ఉన్నదాన్ని పట్టుకోవాలంటే సరుకును యంత్రం దగ్గరికి తేవడం కంటే యంత్రాన్ని సరుకు దగ్గరికి తీసుకుపోవడం మేలు. ఢిల్లీకి చెందిన విద్యుత్ మోహన్ టకాచార్ అనే సంస్థతో చేసింది అదే, ట్రాక్టర్ వెనక తగిలించుకుని పొలం దాకా పోయి అక్కడే గడ్డిని బొగ్గులా మార్చే యంత్రం. 2021లో దానికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. మన హైదరాబాద్‌కు చెందిన సాయిభాస్కర్ రెడ్డి బయోచార్ మీద, అంటే ఆ బొగ్గును మట్టికి తిరిగివ్వడం మీద ఏళ్ల తరబడి పల్లెల్లో పనిచేశారు. 2021 అక్టోబరులోనే కేంద్ర విద్యుత్ శాఖ థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో పాటు అయిదు శాతం పంటచెత్త గుళికలు కాల్చాలని విధానం తెచ్చింది. కొనేవాళ్లు తయారవుతున్నారు. చిక్కు ఎప్పటిలాగే మధ్యదారిలో ఉంది. ఘనమీటరు ఊక తూకం వంద కిలోలకు అటూ ఇటూ. గడ్డి ఇంకా తేలిక. లారీ నిండుతుంది, తూకం నిండదు. డీజిల్ మాత్రం నిండు లారీకి అయినంత అవుతుంది. యంత్రాల గురించి రాసేవాళ్లు ఎక్కువ, మోత గురించి రాసేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో ఈ పనిలో మొదట కొనాల్సింది యంత్రం కాదు, గడ్డి చుట్టే బేలర్ ఎవరి దగ్గరుందో, కోతలప్పుడు ట్రాలీ ఎవరు ఖాళీగా పెడతారో తెలిసిన ఒక మనిషి స్నేహం.

ఇంకొక్కటి మాత్రం వాడికి కాస్త గట్టిగానే చెప్పాను, డబ్బు సంగతి. ఆర్మూర్ ప్రాంతపు ఎర్రజొన్న విత్తనం ఉత్తరాదికి పోయి అక్కడ పశువులకు పచ్చిమేత అవుతుంది. 2008లో ఆ విత్తనం అమ్మిన రైతులకు రావాల్సిన బాకీలు రాలేదు. వాళ్లు రోడ్డెక్కారు, ఆర్మూర్‌లో పోలీసు కాల్పుల దాకా పోయింది. ఆ బాకీలు తెలంగాణ వచ్చాక ప్రభుత్వం చెల్లించే వరకు తీరలేదు. ఈ పల్లెల్లో ఆ సంగతి మరిచిపోయినవాళ్లు లేరు. నువ్వు బెండ్లు కొంటానని పోతే వాళ్లు నీ డ్రమ్ము చూడరు, నీ జేబు చూస్తారు. పది రూపాయలైనా సరే, సరుకు ట్రాలీ ఎక్కే ముందు చేతిలో పెట్టు. ఊరి గ్రామాభివృద్ధి కమిటీతో మాట్లాడి ఒక జాగా అడిగితే అందరి బెండ్లూ అక్కడికే చేరవచ్చు. మా వైపు ఆ కమిటీలకు మాట చెల్లుబాటు ఎక్కువ. వాటిలో కొన్ని మనుషుల్ని వెలేసిన పాపం కూడా మూటగట్టుకున్నాయి, అది నాకు మింగుడుపడని సంగతి. కానీ ఉమ్మడి జాగా, ఉమ్మడి తూకం, అందరి ముందూ చెల్లింపు లాంటి పనులకు ఊళ్లో అంతకంటే సిద్ధంగా ఉన్న కొట్టం నాకు కనబడలేదు.

నెలాఖరుకు వాడు మొదటి ట్రాలీ కొన్నాడు. డిచ్‌పల్లికి దగ్గరి ఊళ్లో ఒక అవ్వ ఇంటి వెనక వానకాలం మక్కల బెండ్లు గోడెత్తున పడున్నాయి. ఎర్రటి, తెల్లటి బెండ్లు, గింజ ఊడిన గుంటల వరసలతో, ఎండకు దూదిపింజల్లా తేలికైపోయినవి. చేట్లతో, గంపలతో నలుగురం ఎత్తాం. ట్రాలీకి పక్కల చెక్కలు కట్టి, పైన కొండలా పోసి, వల కప్పాం. చూడ్డానికి మూడు టన్నుల్లా ఉంది. వాడూ అంతే అనుకున్నాడు. హైవే పక్క వేబ్రిడ్జి మీదికెక్కించి, చీటీ చేతికొచ్చాక రెండుసార్లు చూశాడు. తొమ్మిది క్వింటాళ్ల నలభై కిలోలు. డ్రమ్ములో కాలిస్తే అందులో బొగ్గు మూడో వంతు కూడా రాదు. వాడి మొహంలో నిరాశ కోసం వెతికాను. చీటీ వెనక పెన్నుతో లెక్కలు వేయడం మొదలుపెట్టాడు, డీజిల్, కూలీ, సంచులు, గంజి. బాగానే నేర్చుకుంటున్నాడు అనిపించింది.

అవ్వకు పైసలిద్దామని మళ్లీ ఆ ఇంటికి పోయాం. ఆమె నోట్లు తీసుకుని లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది.

"అన్నీ కాలుస్తరా బిడ్డా?"

"అవునవ్వా. బొగ్గు జేస్తం."

"మరి బూడిద ఎటు పోతది?"

వాడు నా వైపు చూశాడు. "బూడిద శానా తక్కువొస్తదవ్వా. బొగ్గుపొడి మిగులుతది, జల్లెడ పట్టినంక."

"అదే ఒక సంచి నాకు పంపు. ఇన్నేండ్లు ఈ బెండ్ల బూడిదే చెట్లకు ఏసిన. మొత్తం కొంటవోతే నా బీరపాదుకు ఏం ఏయాలె?"

వాడు జేబులోంచి వేబ్రిడ్జి చీటీ మళ్లీ తీశాడు. డీజిల్, కూలీ, సంచులు, గంజి అని రాసిన వరస కింద ఒక గీత గీసి, అవ్వ పేరు అడిగి రాసుకుని, పక్కన రాశాడు. పొడి, ఒక సంచి, తిరుగు బండిలో.